లక్ష్య నౌకకు నేను చేసిన ముస్తాబు

ఈ సభకి అధ్యక్షత వహించిన దళాధిపతి గారికి, నాకు అటూ ఇటూ కూర్చుని నన్ను పెళ్ళికొడుకులా ఇబ్బంది పెడుతున్న వేదిక మీది పెద్దలకి, ఎదురుగా ఉన్న నా తోటివాళ్ళకి, వాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకి, పిల్లలకి, మొదటి వరసలో చేతిరుమాలు నలుపుతూ కూర్చున్న మా ఆవిడకి, కుర్చీలు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడ్డ మా అమ్మాయికి, అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త పక్కకి జరపండి. ఇంజిను గదిలో ఇన్నేళ్ళు అరిచి మాట్లాడినవాడి ముందు మైకు పెడితే పోయేది మీ చెవులే. (నవ్వులు)

జేబులో ఒక ప్రసంగం ఉంది. మా ఆవిడ దగ్గరుండి రాయించింది. అందులో ఎవరికి ఎంత కృతజ్ఞత చెప్పాలో హోదాల వరసలో పద్ధతిగా ఉంది. అద్దం ముందు నిలబడి బట్టీ కూడా పట్టాను. కానీ ఇప్పుడు తియ్యను. తీసినా అక్షరాలు కనబడవు. ఇందాక అధ్యక్షులవారు మాట్లాడుతూ ఒక మాట అన్నారు. మీకందరికీ అది తెలిసిన సంగతే కాబట్టి చప్పట్లు కొట్టారు. నాకు తెలియదు. తెలియకపోయినా అందరితోపాటు నేనూ కొట్టాను. సభ కదా, ఎదుటివాళ్ళు కొడుతుంటే చేతులు వాటంతటవే కొట్టేస్తాయి. సగంలో ఉండగా ఆ మాట చెవికెక్కింది. అక్కడ ఆగిపోయాయి చేతులు. ఎవరైనా చూస్తే దణ్ణం పెడుతున్నాననుకుని ఉంటారు.

అయ్యా, తమరు ఏమీ అనుకోకపోతే ఆ మాట నేను మరోసారి అంటాను. సరిగ్గా విన్నానో లేదో, నా చెవులు ఎలాగూ సగం పోయినవే. 'ఇవాళ సేవ ముగించుకున్న మన చిన్న క్షిపణి నౌక వచ్చే నెల విన్యాసాల్లో మన కొత్త నౌకకి గురిగా నిలబడుతుంది, దాని తొలి క్షిపణి దెబ్బకి సముద్రంలో కలిసిపోతుంది, యోధుడికి తగిన ముగింపు అది.' అంతేనా అయ్యా? (ఆగి) అంతేనట.

ఇప్పుడు నా బుర్రతక్కువతనం వినండి. ఈ మధ్యన ఒకరోజు యార్డు అధికారి గారు నన్ను తన గదికి పిలిచారు. వేదిక మీద ఎడమ చివర మంచినీళ్ళ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నారు చూడండి, ఆయనే. ఆయన్ని మేమంతా చాటుగా నిఘంటువు గారు అంటాం. (నవ్వులు) కోప్పడకండి సార్, ఇవాళ్టితో నేను రిటైరై వెళ్ళిపోయేవాణ్ణి, ఇంక నాకు చాటేమిటి? ఆయనకి భాష మీద ప్రాణం. ఇంగ్లీషు ముక్క దొర్లితే పుక్కిలించి ఉమ్మేసేలా ఉంటారు. పంపుని పంపు అనరు, జలోత్థాపకం అంటారు. ఆయన ఏదైనా తెమ్మంటే మా కుర్రాళ్ళు స్టోర్సులో ఉన్న సామానంతా ఒక్కొక్కటే తెచ్చి చూపించేవారు. ఆయన ఎక్కడ తల ఊపితే అక్కడ ఆగేవారు. (నవ్వులు)

ఆయన నాకు కుర్చీ చూపించి, టీ ఇప్పించి, 'మేస్త్రీ గారూ, మీ ఓడకి తుక్కుగా పోయే గతి తప్పింది. లక్ష్య నౌకగా ఎంపిక చేశారు' అన్నారు. లక్ష్యం అంటే నాకు తెలిసింది ఒకటే. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు చెవి మెలిపెట్టి 'జీవితంలో ఓ లక్ష్యం ఉండాలిరా వెధవా' అనేవారు, ఆ లక్ష్యం. నౌకాదళంలో కాలుపెట్టిన రోజునుంచీ మేం కొట్టబోయేదాన్ని టార్గెట్ అన్నాం, గురి అన్నాం, కోపం వస్తే ఇక్కడ అనకూడనివి కూడా అన్నాం కానీ, లక్ష్యం అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఆయన టార్గెట్ అని ఒక్కసారి అని ఉంటే ఆ కుర్చీలోంచి అక్కడే జారిపడేవాణ్ణి. లక్ష్య నౌక అన్నారు. ఓహో, కొత్తగా చేరే పిల్లలకి ఆదర్శంగా నిలబెడుతున్నారన్నమాట, శిక్షణకి ఇస్తున్నారన్నమాట అనుకున్నాను. కళ్ళంట నీళ్ళు వచ్చేశాయి. లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఆయన నా భుజం తట్టి, 'ఇంత గుండె దిటవు నేనెక్కడా చూడలేదు' అన్నారు. అది ఎందుకన్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు. పొగిడారు కదా అని ఊరుకున్నాను.

లేవకండి సార్, కూర్చోండి. మీ తప్పేమీ లేదు. మీరు ఉన్న మాటే చెప్పారు.

అక్కణ్ణుంచి తిన్నగా బజారుకి వెళ్ళి మిఠాయి కొన్నాను. ఇంజిను గదిలో అందరికీ పంచాను. మా కుర్రాళ్ళు ఒకడి మొహం ఒకడు చూసుకుని, మాట్లాడకుండా తిన్నారు. ఒరేయ్, వెనక వరసలో తలలు దించుకున్నవాళ్ళు, మిమ్మల్నే. మీకు అప్పటికే తెలుసా? (తలలు ఇంకా కిందికి దిగాయి) తెలుసు. తెలిసి కూడా తిన్నారు. మీ దుంపతెగ! (సన్నగా నవ్వులు)

ఆ తరవాత నేను చేసిన చాకిరీ వినండి. నిఘంటువు గారు నాకు మూడు పనులు అప్పజెప్పారు. ఓడలో ఎక్కడా నూనె చుక్క మిగలకూడదు. గోడల్లో ఉన్న ప్రతి కంతా మూసెయ్యాలి. లోపల మనిషి అన్నవాడు లేకపోయినా అది దానంతటది తేలుతూ నిలబడాలి. నాకు అనుమానం రావద్దా? రాలేదు. నా బుర్రలో తెల్లబట్టలు వేసుకున్న పిల్లలు వరసగా మెట్లు దిగి వస్తున్నారు. వాళ్ళ బట్టలకి మరకలు అంటకూడదు కాబట్టి నూనె ఉండకూడదు. వాళ్ళు అజాగ్రత్తగా ఏది తిప్పినా ప్రమాదం రాకూడదు కాబట్టి కంతలు మూసెయ్యాలి. సాయంత్రం బడి అయ్యాక ఎవరూ ఉండరు కాబట్టి అది దానంతటది తేలాలి. అన్నీ ఎంత చక్కగా కుదిరాయో చూశారా! అసలు సంగతి ఏమిటంటే, మునిగేటప్పుడు సముద్రం పాడవకూడదని నూనె తీయించారు. దెబ్బ పడకముందే మునిగిపోకూడదని కంతలు మూయించారు. నా చేతులతో నేనే మూశాను. పంపుల కింద చెయ్యి పట్టని సందుల్లో కూడా బోర్లా పడుకుని, గుడ్డపీలికలు పెట్టి తుడిచాను. మా ఆవిడ ఆ బట్టలు ఉతకలేక నన్ను బయటే నిలబెట్టి నీళ్ళు గుమ్మరించేది.

అంతటితో ఊరుకున్నానా? పిల్లలు చదువుకోవాలి కదా అని ప్రతి యంత్రం దగ్గరా చిన్న రేకు పలక బిగించి దానిమీద రంగుతో రాశాను. 'ఇది మంచినీళ్ళ పంపు.' 'నేను వేడెక్కితే ముందు నన్ను ముట్టుకోవద్దు, పక్కనున్న మీట తిప్పు.' 'ఇక్కడ తల జాగ్రత్త.' ఆ తల జాగ్రత్త అన్న పలక ఎందుకంటే, అక్కడ నేను గుద్దుకున్నన్నిసార్లు ఇంకెవరూ గుద్దుకోలేదు. ఆ పలకలన్నీ ఇప్పుడు సముద్రం అడుక్కి పోతాయి. చేపలు చదువుకుంటాయి. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. నాకూ నవ్వొచ్చేది, ఇంకెవడికైనా ఇలా జరిగి ఉంటే.

ఓడల సంగతి తెలియని ఆడవాళ్ళూ పిల్లలూ ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, అది చాలా చిన్న ఓడ. పెద్ద యుద్ధనౌకల వాళ్ళు మా పక్కనుంచి పోతూ 'ఏం బాబూ, చేపలేమైనా పడ్డాయా?' అని అడిగేవారు. ముందొక ఫిరంగి, భుజాల మీద అటు రెండు ఇటు రెండు క్షిపణుల పెట్టెలు, కింద ఒళ్ళంతా ఇంజిన్లే. మనుషులు మిగిలిన చోట ఇరుక్కోవాలి. ఒకడు లేచి డ్యూటీకి పోతే ఆ వెచ్చటి పక్కమీదే ఇంకొకడు పడుకోవాలి. కానీ పరిగెత్తిందంటే ఆ పెద్దనౌకల వాళ్ళకి దాని వెనక నురగ తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అధ్యక్షులవారు చిన్న నౌక అన్నారు, నేను కాదనను. మేం కూడా దాన్ని చిన్నది అనే పిలిచేవాళ్ళం.

ఆ పేరే నా కొంప మీదికి తెచ్చింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇంజిను వేడెక్కి చల్లారనంటుంటే, నేను ఇంటికి ఫోను చేసి, 'ఇవాళ రాలేను, చిన్నదానికి ఒళ్ళు కాలిపోతోంది, పక్కన నేను లేకపోతే కుదరదు' అన్నాను. ఫోను ఎత్తింది మా ఆవిడ కాదు, చూడటానికి వచ్చిన మా అత్తగారు. (పెద్దగా నవ్వులు) ఆవిడ ఇంకేమీ అడగలేదు. పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని ఓడరేవు గేటు దగ్గరికి వచ్చి, 'మా అల్లుడు ఉంచుకున్నదాన్ని ఓసారి చూపించండి నాయనా, మాట్లాడి పోతాం' అని కాపలావాణ్ణి అడిగింది. వాడు నన్ను పిలిచాడు. నేను ఇద్దర్నీ తీసుకెళ్ళి చూపించాను. మా అత్తగారు ముందునుంచి వెనక దాకా చూసి, 'దీనికోసమా అల్లుడూ నా కూతురు రాత్రి అన్నం మానేసింది?' అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు చిన్నిల్లు. నేను ఆలస్యంగా వస్తే 'చిన్నింట్లో భోజనమైందా?' అని అడిగేది మా ఆవిడ. జీతం అందాక 'చిన్నింటికి ఏం పట్టుకెళ్ళారు?' అనేది. నిజంగానే పట్టుకెళ్ళేవాణ్ణి. మంచి గుడ్డలు కనబడితే మా ఆవిడకి కాకుండా దాన్ని తుడవడానికి దాచేవాణ్ణి.

మరి ఇప్పుడు ఏడుస్తావేమిటి నువ్వు? సవతి పీడ విరగడైపోతోంటే ఎగిరి గంతెయ్యాలి కదా! (మొదటి వరసలోంచి ఆవిడ ఏదో అన్నారు) ఏమిటి? గట్టిగా అను. 'మీకంటే ముందునుంచే ఏడుస్తున్నాను, మీరు చూడలేదు' అంటోంది. అంటే నీకూ తెలుసా! (ఆవిడ తల ఊపారు) అయ్యా, సభలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నా పక్కలో పడుకునే మనిషికి తెలుసు. కాఫీ ఇచ్చే కుర్రాడికి కూడా తెలిసే ఉంటుంది. నేనొక్కణ్ణే తుడుస్తూ కూర్చున్నాను. ఈ బల్ల పట్టుకుని మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఆవిడకి ఎవరు చెప్పి ఉంటారు? మా అమ్మాయి. అమ్మాయ్, ఒకసారి ఇటు చూడు. తలుపు దగ్గర ఎందుకు నిలబడ్డావో ఇప్పుడు తెలుస్తోంది. చాలామందికి తెలుసు, మా అమ్మాయి కూడా నౌకాదళంలోనే ఉంది. ఇంజిన్ల వైపు రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. 'కింద కూర్చుంటే ఏమీ కనబడదు నాన్నా' అని క్షిపణుల వైపు పోయింది. ఇప్పుడు ఆ కొత్త నౌకలోనే పని. ఈ మధ్య ఇంటికి భోజనానికి రావడం మానేసింది. అడిగితే పని ఎక్కువ అంది, కొత్త ఓడ కదా అనుకున్నాను. ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది తల్లీ?

(సభ వెనకనుంచి: 'నువ్వు మిఠాయి తెచ్చిన రోజే నాన్నా.')

మరి నాకెందుకు చెప్పలేదు?

('చెబుదామనే వచ్చాను. తలుపు తియ్యగానే నోట్లో మిఠాయి కుక్కేశావు. పలకల మీద ఏం రాయాలో చెప్పమన్నావు. ఇంక నా నోరు పెగల్లేదు.')

నిజమే. ఆ రోజు ఏడ్చింది. నేను సంతోషం అనుకున్నాను. నాకు అన్నీ అలాగే కనబడ్డాయి ఆ రోజుల్లో. సరే, ఇంకొక మాట చెప్పు. మీ క్షిపణి గదిలో నలుగురైదుగురు ఉంటారు కదా. ఆ రోజు మీట నొక్కేది ఎవరు?

(ఆమె తలుపు రెక్క పట్టుకుంది)

ఎవరమ్మా?

('నేనే నాన్నా.')



మంచినీళ్ళు ఇవ్వండి ఎవరైనా. నిఘంటువు గారూ, ఆ గ్లాసు ఇలా ఇవ్వండి, మీరు దాన్ని ఎలాగూ తాగడం లేదు.

నాకు కోపం రావాలి. ఎక్కడుందో వెతుకుతున్నాను, దొరకడం లేదు. మా అమ్మాయిని తొలిసారి ఆ ఓడ ఎక్కించినప్పుడు పిల్లకి ఆరేళ్ళు. కుటుంబాలని అలా సముద్రంలోకి తిప్పి తెచ్చే రోజు అది. రేవు దాటామో లేదో నా పనిముట్ల పెట్టెలో వాంతి చేసుకుంది. మిగతా పిల్లలు పైన గాలికి తిరుగుతుంటే ఇది నా పక్కమీద, ఇంజిను మోతలో హాయిగా నిద్రపోయింది. ఆ పక్క ఇంకా అక్కడే ఉంది. దాని పైన కూడా పలక పెట్టాను, 'ఇక్కడ మేస్త్రీ పడుకునేవాడు' అని. దానికి ఈ అమ్మాయి నవ్వింది కూడా. ఎలా నవ్వావే?

ఏమిటి, ఏదో అంటున్నావు? ముందుకి వచ్చి చెప్పు. దారివ్వండి ఆ పిల్లకి.

('నువ్వు వద్దంటే నేను తప్పుకుంటాను నాన్నా. పైవాళ్ళని అడిగాను. ఇవాళ సభ అయ్యేలోగా చెబితే నా బదులు ఇంకొకర్ని పెడతామన్నారు.')

అయ్యా, నిజమేనా? (అధ్యక్షుల వైపు తిరిగి విన్నారు) నిజమేనట. తప్పుకుంటే తప్పేమీ పట్టరట. కాకపోతే ఇది మా అమ్మాయికి తొలి క్షిపణి, ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ ఆ వంతు ఎప్పుడొస్తుందో ఆయన కూడా చెప్పలేరట. అంటే నన్ను సన్మానించడానికి పిలిచి, శాలువా కప్పి, ఈ ముడి నా చేతిలో పెట్టారు. కాస్త ఉండండి. నన్ను ఊపిరి పీల్చుకోనివ్వండి.

మా ఓడ తొలి క్షిపణి వదిలిన రోజు నాకు గుర్తుంది. మేం కింద ఉన్నాం. ఓడ మొత్తం ఒక్కసారి వెనక్కి తన్నినట్టయింది, వంటగదిలో కంచాలన్నీ దొర్లాయి, వంటవాడు మా అందరి వంశాలనీ పేరుపేరునా తిట్టాడు. (నవ్వులు) కాసేపటికి పైవాళ్ళు మాతో మాట్లాడే గొట్టంలోంచి 'తగిలింది' అని కేక. మేం ఒకణ్ణొకడు వాటేసుకుని గంతులేశాం. తగిలింది దేనికో అడగాలని ఎవడికీ తోచలేదు. ఏదో పాత ఓడ అన్నారు. పాత ఓడ అంటే రేకులూ తుప్పూ అనుకున్నాం. దాన్ని కూడా ఎవడో ఒకడు తుడిచి, కంతలు మూసి పంపించే ఉంటాడు కదా! వాడికి ఎవరు చెప్పారో, ఏ మాటతో చెప్పారో. మేం గంతులేస్తున్నప్పుడు వాడు ఎక్కడ కూర్చున్నాడో. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నాకు వాడు గుర్తు రాలేదు. ఇవాళ ఈ బల్ల పట్టుకుని నిలబడితే వాడి మొహం కనబడుతోంది. వాడెవడో నాకు తెలియను కూడా తెలియదు.

ఇంక ఈ పిల్లకి జవాబు చెప్పాలి. సభ అయ్యేలోగా అన్నారు, సభ అవగొట్టాల్సింది నేనే.

తప్పుకోవద్దమ్మా.

(కలకలం)

ఉండండి, చప్పట్లు కొట్టకండి. ఇందాక కొట్టినవి చాలు. నేనేదో త్యాగం చేస్తున్నానని అనుకోకండి, నాకంత పెద్ద మనసు లేదు. నా చేతుల్లో ఉంటే ఆ ఓడని ఇవాళ రాత్రే తాడు విప్పుకుని ఎటైనా పట్టుకుపోయేవాణ్ణి. ఇంధనం అంతా నేనే తోడేశాను కాబట్టి ఊరుకుంటున్నాను. నువ్వు తప్పుకుంటే అది బతకదు తల్లీ. ఇంకెవరో నొక్కుతారు. వాళ్ళకి అదొక పాత ఓడ. ఒకటి పక్కకి పోతే ఇంకొకటి వదులుదాంలే అనుకుంటారు. నేను కంతలన్నీ ఎంత గట్టిగా మూశానో నాకు తెలుసు. సరిగ్గా తగలకపోతే అది మునగదు. సగం కాలి, ఒరిగి, అలాగే తేలుతూ ఉంటుంది, వీళ్ళు పొద్దస్తమానం కొడుతూనే ఉంటారు. అది నేను భరించలేను. పరిగెత్తడానికి కూడా వీల్లేకుండా నిలబెట్టి కొడుతున్నాం, కనీసం ఒక్క దెబ్బతో పోనివ్వాలి. ఆ చెయ్యి దాని ఒడిలో నిద్రపోయిన పిల్లది అయితే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

అయ్యా, దళాధిపతి గారూ, ఆ రోజు నన్ను పిలవకండి. కారు పంపించకండి, దుర్భిణీ ఇచ్చి పై అంతస్తులో కుర్చీ వెయ్యకండి. నేను రాను. మీరు యోధుడికి తగిన ముగింపు అన్నారు, మీ మాటని కాదనేంత వాణ్ణి కాదు. కానీ నాకది ముగింపులా అనిపించడం లేదు, ఇంకా ఏమనిపిస్తోందో కూడా తెలియడం లేదు. తెలిసేసరికి ఎన్నాళ్ళు పడుతుందో. మీ అందరికీ, నన్ను భరించినందుకు, నిఘంటువు గారికి, తెలుగు నేర్పినందుకు, మా కుర్రాళ్ళకి, నా సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక గొంతు దిగని మిఠాయి మింగినందుకు, చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

అమ్మాయ్, కళ్ళు తుడుచుకుని విను. నీరు నిండిన కళ్ళతో గురి కుదరదు. తప్పిందని తెలిసిందో, నా గడప తొక్కనివ్వను. తగిలితే మాత్రం ఓడ దిగి తిన్నగా ఇంటికి రా. మీ అమ్మ అన్నం వండి పెడుతుంది. మునగడానికి ఎంతసేపు పట్టింది, ఎటు ఒరిగింది అని నేను అడగను, నువ్వు చెప్పకు. ముగ్గురం కూర్చుని తిందాం.

ఆ చిన్నదానికీ నాకూ కలిపి ఇప్పించండి, సెలవు.